దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితాన్ని మూడు అధ్యాయాలుగా విడగొట్టి రాయవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పి, తరువాత సమాధానానికి వస్తాను. ఎం.ఏ. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) జీవితాన్ని తీసుకున్నారు. ఉపాధ్యాయురాలు, ఉద్యమ కార్యకర్త, ప్రభుత్వ పదవుల్లో పాలకురాలు అని మూడు అధ్యాయాలు వేసుకున్నారు. ఈ విభజన నిలుస్తుందా అన్నది మీ మొదటి సందేహం. 1952 ఎన్నికల్లో ఓడిపోయిన ఆమెకు ప్రణాళికా సంఘంలో స్థానం దక్కింది భర్త సి.డి.దేశ్‌ముఖ్ కేంద్ర ఆర్థిక మంత్రి కావడం వల్లనే అని మీ తరగతిలో ఒకరు వాదించారట. అది నిజమా అన్నది రెండవ సందేహం.

రెండింటికీ నా సమాధానం ‘కాదు’ అనే. మూడు అధ్యాయాల విభజన నిలవదు, ఎందుకంటే ఆమె ఒక పని ముగించి మరొక పనిలోకి వెళ్ళిన మనిషి కాదు. చదువు చెప్పడం, మనుషులను కూడగట్టడం, డబ్బు సమకూర్చడం అనే మూడు పనులనూ పన్నెండో ఏట ఒక చిన్న బడిలో ఎలా కలిపి చేశారో, ప్రణాళికా సంఘంలో కూర్చున్నప్పుడూ అలాగే చేశారు. పని పరిమాణం పెరిగిందే తప్ప పద్ధతి మారలేదు. ఇక రెండవ సందేహానికి తేదీలే జవాబు చెబుతాయి: ప్రణాళికా సంఘంలో నియామకం 1952లో జరిగింది, దేశ్‌ముఖ్‌తో వివాహం 1953 జనవరి 22న జరిగింది. అయితే ఈ రెండవ విషయం తేదీలతో పూర్తిగా తేలిపోయేది కాదు కనుక దాని గురించి మళ్ళీ చెబుతాను.

నేను ఏ అనుభవంతో ఇది రాస్తున్నానో చెప్పడం న్యాయం. డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేశాను. అధ్యాపక ఉద్యోగం రాకముందు గోదావరి ప్రాంతంలో ఒక మహిళా మండలి నడిపిన కండెన్స్‌డ్ కోర్సులో తెలుగు, సాంఘిక శాస్త్రం చెప్పాను. చిన్నప్పుడే బడి మానేసిన పెద్దవయసు స్త్రీలను రెండేళ్ళలో పరీక్షకు సిద్ధం చేసే ఆ కోర్సు దుర్గాబాయి అధ్యక్షురాలిగా ఉన్న కాలంలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదలుపెట్టినదని నాకు అప్పుడు తెలియదు. తరువాత విద్యార్థుల ప్రాజెక్టులు దిద్దుతూ ఆమె జీవితాన్ని చదివినప్పుడు, అందరూ ఎక్కువగా రాసే విషయాల కన్నా ఎవరూ పట్టించుకోని ఆ కోర్సే నన్ను ఎక్కువగా ఆకర్షించింది. కాబట్టి నా సమాధానంలో ఆ వైపు మొగ్గు కొంత కనిపిస్తుంది.

మొదట బాల్యం. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పదిహేనేళ్ళ వయసులో ఆ కాపురానికి వెళ్ళనని ఆమె చెప్పినప్పుడు ఇంట్లోవారు ఆమె పక్షాన నిలబడ్డారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసిస్తూ బడి మానేసి, తాను నేర్చుకున్న హిందీని ఆడపిల్లలకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టారు. చాలామంది విద్యార్థులు ఈ బడిని ఒక వాక్యంలో దాటేసి 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభకు పరుగెత్తుతారు. అక్కడ ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవికగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన సంఘటన పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. అది ముచ్చటైన కథే గాని, ఆమె గురించి కొత్తగా చెప్పేది తక్కువ. మీ ప్రాజెక్టులో దానికి రెండు వాక్యాలు చాలు.

దానికి బదులు 1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు జరిగినదానికి ఎక్కువ చోటు ఇవ్వండి. ఊళ్ళోని దేవదాసీ స్త్రీలు, పరదా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీని కలవాలని, ఆయన వారితో విడిగా మాట్లాడాలని పన్నెండో ఏడు నడుస్తున్న ఆ పిల్ల పట్టుబట్టింది. విరాళంగా ఐదు వేల రూపాయలు సమకూరిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామని నిర్వాహకులు అన్నారు. పసిపిల్ల అంత సొమ్ము తేలేదని వారు అనుకుని ఉంటారు. దేవదాసీ స్త్రీలే ఆ డబ్బు కూడబెట్టి ఇచ్చారు. స్థలం దొరకకపోతే ఒక బడి ఆవరణను అడిగి సంపాదించింది. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీ చాలాసేపు మాట్లాడారు, స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు, ఆమె ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పింది. ఆ తరువాత జరిగిన పెద్ద సభలో కూడా, మామూలుగా అనువదించే కొండా వెంకటప్పయ్య గారికి బదులు ఆమె చేతనే చెప్పించమని గాంధీ కోరారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ వివరాల్లో ఎక్కువ భాగం 1980లో వెలువడిన ఆమె సొంత జ్ఞాపకాల నుంచి వచ్చినవి, అంటే దాదాపు అరవై ఏళ్ళ తరువాత గుర్తుచేసుకుని రాసినవి. సంభాషణలను మాటకు మాట నిజమని తీసుకోకండి. ఎవరు ఎవరిని అడిగారు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, స్థలం ఎలా దొరికింది అనే అంశాలను మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆ మూడింటిలోనే ఆమె తరువాతి అరవై ఏళ్ళ పని తీరు మొత్తం ఉంది. సభ్యసమాజం దూరం పెట్టిన స్త్రీలను లెక్కలోకి తీసుకోవడం, వారి దగ్గరే ఉన్న శక్తిని బయటికి తీయడం, పెద్దలు పెట్టిన షరతును ఎదిరించి కూర్చోకుండా ఆ షరతునే నెరవేర్చి చూపించి పని సాధించడం. 1950లలో ఢిల్లీలో ఆమె ఫైళ్ళు కదిలించిన తీరు కూడా నాకు ఇలాగే కనిపిస్తుంది.

ఉద్యమ కాలాన్ని మీరు ఎలాగూ బాగా రాస్తారు, కాబట్టి అక్కడ నేను తొందరగా దాటుతాను. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం జరిగినప్పుడు ప్రకాశం పంతులు గారు వంటి నాయకులు జైలుకు వెళ్ళాక ఆమె దళాన్ని నడిపించారు, అరెస్టయ్యారు. 1930 నుంచి 1933 వరకు మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వెల్లూరు జైలులో తమ మీద మోపిన నేరమేమిటో కూడా సరిగా తెలియని స్త్రీ ఖైదీలను చూడడం, మదురై జైలులో మరణశిక్ష పడిన ఖైదీలకు దగ్గరగా ఒంటరి గదిలో గడపడం, ఆరోగ్యం దెబ్బతినడం అనే మూడు విషయాలు ముఖ్యమైనవి. మొదటిది ఆమెను న్యాయశాస్త్రం వైపు నడిపించింది, చివరి రెండూ ఆమెను ప్రత్యక్ష ఉద్యమం నుంచి కొంతకాలం పక్కకు తెచ్చాయి.

మీ మూడు అధ్యాయాల విభజన తెగిపోయేది సరిగ్గా ఇక్కడే, 1933 దగ్గర. ‘ఉపాధ్యాయురాలు, తరువాత ఉద్యమకారిణి, తరువాత అధికారి’ అనే వరస నిజమైతే, విడుదలయ్యాక ఆమె కాంగ్రెసులో పదవి వైపు అడుగు వేయాలి. ఆమె చేసింది అందుకు పూర్తిగా భిన్నమైనది. అప్పటికే పేరున్న నాయకురాలు, ఇరవై నాలుగేళ్ళ మనిషి, మళ్ళీ అక్షరాల దగ్గరికి వచ్చి విద్యార్థిని అయ్యారు. బడిలో క్రమంగా చదవని స్త్రీలకు కూడా ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ రాసే వీలు బనారసు హిందూ విశ్వవిద్యాలయం కల్పించింది. ఆ దారిన పరీక్షలు గట్టెక్కారు. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం చదివారు. 1942 నాటికి మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది న్యాయవాదిగా నమోదయ్యారు. దాదాపు పదేళ్ళు చదువుకే పోయాయి. ఒక ఉద్యమ నాయకురాలు ఉద్యమం నడుస్తున్న దశాబ్దంలోనే ఇలా చేయడం మామూలు విషయం కాదు, జీవితచరిత్రలు దీనిని ‘విద్యాభ్యాసం కొనసాగించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రవేశం దగ్గర జరిగినది కూడా చూడండి. స్త్రీలకు వసతిగృహం లేదు కనుక చేర్చుకోలేమని ఉపకులపతి సి.ఆర్.రెడ్డి గారు అన్నారు. అక్కడ చదవాలని ఉన్న ఆడపిల్లలు తనను కలవాలని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చిన వారితో కలిసి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకున్నారు. అడ్డంకి ఏదో తెలిసిన వెంటనే, ఆ అడ్డంకి తన ఒక్కదానిది కాదని గుర్తించి, అది ఉన్నవారందరినీ ఒకచోట చేర్చడం ఆమె పద్ధతి. కాకినాడలో చేసిందీ ఇదే. ఇది విద్యార్థిని చేసిన పనా, సంఘం నడిపే మనిషి చేసిన పనా అని మీరే ఆలోచించండి. మీ మూడు అధ్యాయాల్లో దీనిని ఏ అధ్యాయంలో పెడతారు?

ఆ చదువు సాగుతుండగానే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. మొదట అది మైలాపూరులో చిన్నపిల్లలకు ఆటపాటలు, హిందీ నేర్పే ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అనే సంఘంగా మొదలైంది. తరువాత పెద్ద స్త్రీలు వచ్చారు. భర్త పోయినవారు, భర్త వదిలినవారు, చదువు మధ్యలో ఆగినవారు. వారికి ఆమె తాను రాసిన బనారసు మెట్రిక్ పరీక్షకే పాఠాలు చెప్పించారు. ఎందుకంటే ఆ పరీక్ష తలుపు తెరిచే ఉంటుందని ఆమెకు స్వయంగా తెలుసు. పరీక్ష పాసైనవారు టీచరు శిక్షణకో నర్సు శిక్షణకో వెళ్ళేవారు. అందుకు తగ్గట్టు సభకు వసతిగృహం వచ్చింది, చేతిపనుల విభాగం వచ్చింది, ప్రసూతి వైద్యం, నర్సుల శిక్షణ వచ్చాయి, ‘ఆంధ్ర మహిళ’ అనే పత్రిక వచ్చింది. జమీందారీ కుటుంబాల స్త్రీలు విరాళాలిచ్చారు, మద్రాసులోని తెలుగు మధ్యతరగతి ఇంటింటి నుంచీ చందాలు వచ్చాయి. ఎవరి దగ్గర ఏది దొరుకుతుందో తెలిసి అడగడంలో ఆమెకు మొహమాటం లేదు.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అక్కడి పదిహేనుమంది మహిళల్లో ఆమె ఒకరు, అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపేవారి జాబితాలో ఉన్న ఏకైక మహిళ కూడా. మీరు చర్చల ప్రతులు వెతికేటప్పుడు దేశ్‌ముఖ్ అని వెతికితే ఏమీ దొరకదు. అప్పటికి ఆమె జి.దుర్గాబాయి, ఇంటిపేరు గుమ్మిడిదల. నా విద్యార్థి ఒకరు ఈ సంగతి తెలియక ‘ఆమె సభలో పెద్దగా మాట్లాడలేదు’ అని రాసుకొచ్చారు. నిజానికి సవరణలు ప్రతిపాదించడంలో అత్యంత చురుకుగా ఉన్నవారిలో ఆమె ఒకరు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుంచి 30కి తగ్గించాలని సవరణ తెచ్చినది ఆమెనే. హిందూ స్త్రీల ఆస్తిహక్కు గురించి కూడా ఆమె గట్టిగా వాదించారు.

వీటన్నిటిలో మీకు ఎక్కువగా పనికొచ్చేది 1949 సెప్టెంబరు నాటి భాషా చర్చ. హిందీ కోసం బాల్యం నుంచి పనిచేసిన ఆమె, ఆ సభలో హిందీ అతివాదులను నిలదీశారు. దక్షిణాదివారు ఎంతో ఉత్సాహంతో తామంతట తాము నేర్చుకుంటున్న భాషను తొందరపాటు ఉద్యమంతో వారికి దూరం చేస్తున్నారని, ఉర్దూ మాటలను కూడా కలుపుకున్న హిందూస్థానీయే జాతీయ భాష కావాలని ఆమె వాదన. బడి నడిపిన అనుభవం లేని రాజకీయ నాయకురాలికి ఈ వాదన తోచదు. ఒక భాషను బలవంతంగా నేర్పితే ఏమవుతుందో, ఇష్టంగా నేర్పితే ఏమవుతుందో ఆమె పిల్లల ముఖాల్లో చూశారు. మొదటి అధ్యాయంలో మీరు వదిలేద్దామనుకున్న హిందీ పాఠశాల ఇక్కడ రాజ్యాంగ చర్చలో వచ్చి నిలబడింది.

ఇప్పుడు మీ రెండవ సందేహం. మొదటి సాధారణ ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెసుకే అప్పుడు గడ్డుకాలం. ప్రకాశం గారు పార్టీ విడిచిపోయారు, కమ్యూనిస్టులు బలంగా ఉన్నారు. ఓడినా నెహ్రూ ఆమెను 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలిగా తీసుకుని సాంఘిక సేవల బాధ్యత అప్పగించారు. ఆర్థిక మంత్రిగా దేశ్‌ముఖ్ అదే సంఘంలో సభ్యుడు. కలిసి పనిచేసే క్రమంలో పరిచయం పెరిగి, తరువాతి జనవరిలో రిజిస్టరు వివాహం చేసుకున్నారు. నెహ్రూ సాక్షి సంతకం చేశారు. కాబట్టి పదవి వివాహం వల్ల రాలేదు. పదవి వల్లనే ఆ పరిచయం బలపడింది.

కానీ మీ తరగతి మిత్రుడి మాటలో పూర్తిగా పస లేదని కూడా అనను. ఆమెకు ఆ పదవి తెచ్చిపెట్టింది ఓటర్లు కాదు, ప్రధానమంత్రి విశ్వాసం. ఆ తరువాత ఆమె చేసిన పనికి డబ్బు దొరకడంలో ఢిల్లీలోని పెద్దల సాన్నిహిత్యం పనికివచ్చే ఉంటుంది. ఎన్నికల రాజకీయాల్లో ఆమె నిలదొక్కుకోలేదన్నది నిజం, దానిని దాచకండి. నా అభిప్రాయంలో ఆమెకు ఎన్నికల రాజకీయం నప్పలేదు కూడా. ఓటు అడగడం కన్నా సంస్థ కట్టడం ఆమెకు తెలిసిన విద్య.

ప్రణాళికా సంఘంలో ఆమె చూసిన సమస్య ఇది. స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, అనాథల సంక్షేమాన్ని చూసే ప్రత్యేక శాఖ కేంద్రంలో లేదు. ఆ పనులు విద్య, ఆరోగ్యం, కార్మిక, హోం శాఖల మధ్య చెదిరి ఉన్నాయి. అసలు పని చేస్తున్నవి దేశమంతటా ఉన్న స్వచ్ఛంద సంస్థలు. వాటికి మనుషులున్నారు, డబ్బు లేదు. తానే అలాంటి ఒక సంస్థను చందాలతో నడిపిన మనిషి కనుక ఆ బాధ ఆమెకు తెలుసు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్మును పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఆమె తొలి అధ్యక్షురాలు. డబ్బు ప్రభుత్వానిది, నడిపేవారిలో ఎక్కువమంది ప్రభుత్వేతరులు, అందులోనూ స్త్రీలు. రాష్ట్రాల్లోనూ ఇదే తరహాలో సలహా బోర్డులు వచ్చాయి. ఆనాటి పరిపాలనలో ఇది కొత్త ఏర్పాటు. కేంద్రంలో సాంఘిక భద్రతకంటూ ఒక శాఖ 1964లో గాని రాలేదన్నది గుర్తుంచుకుంటే ఆ కొత్తదనం మీకు అర్థమవుతుంది.

1954లో గ్రామాల కోసం సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. ఒక్కో పథకం కింద సుమారు 25 ఊళ్ళు, బాలవాడీ, ప్రసూతి సేవ, స్త్రీలకు అక్షరాస్యత, చేతిపనులు. వీటిని నడపడానికి గ్రామసేవికలు, బాలసేవికలు, మంత్రసానులు, టీచర్లు కావాలి. వారు పల్లెల్లో ఉండగలిగిన స్త్రీలై ఉండాలి. పల్లెల్లో చదువుకున్న స్త్రీలు లేరు, పట్నంలో చదువుకున్న స్త్రీలు పల్లెకు రారు. ఈ చిక్కుముడికి ఆమె దగ్గర మైలాపూరులో పరీక్షించి చూసిన జవాబు ముందే ఉంది. ఎక్కడో ఐదో తరగతి దగ్గర ఆగిపోయిన పల్లెటూరి స్త్రీని రెండేళ్ళు చదివించి పరీక్ష గట్టెక్కిస్తే, ఆమెనే టీచరుగా, నర్సుగా, గ్రామసేవికగా పనికి తీసుకోవచ్చు. 1958లో బోర్డు మొదలుపెట్టిన పెద్దవయసు స్త్రీల కండెన్స్‌డ్ కోర్సు ఇదే. మొదట 20 నుంచి 35 ఏళ్ళ వయసువారికి ఉద్దేశించారు.

ఆ తరగతి గది ఎలా ఉండేదో చెబితే ఈ పథకం వెనక ఉన్న అనుభవం మీకు తెలుస్తుంది. నేను పాఠం చెప్పిన చోట స్త్రీలు పొద్దుటి వంట ముగించి, పిల్లలను పక్కనే ఉన్న బాలవాడీలో కూర్చోబెట్టి తరగతికి వచ్చేవారు. నాట్లప్పుడు, కోతలప్పుడు బెంచీలు ఖాళీ అయ్యేవి. కూలి పోగొట్టుకుని చదువుకోమని ఎవరం చెప్పగలం? లెక్కలు, ఇంగ్లీషు అందరినీ భయపెట్టేవి. సాంఘిక శాస్త్రంలో మాత్రం వారు నాకు పాఠం చెప్పేవారు. పంచాయతీ గురించి చెప్పబోతే, తమ ఊరి పంచాయతీలో ఎవరు ఎవరి మనిషో, బోరు ఎవరి ఇంటి ముందు పడిందో, ఎందుకు పడిందో వివరించేవారు. చదువు మానిన కారణం అడిగితే పేదరికం అని చెప్పినవారి కన్నా, పెద్దపిల్లనయ్యానని మాన్పించారు అని చెప్పినవారే ఎక్కువగా కనిపించేవారు. పాసైనవారిలో కొందరు ఏఎన్ఎం శిక్షణకు వెళ్ళారు, కొందరు అంగన్‌వాడీ టీచర్లయ్యారు. పరీక్ష పోయినవారూ ఉన్నారు. వారిలో ఒకామె తరువాత తన ఊరి మహిళా సంఘం పుస్తకాలు రాసేది. పరీక్షా ఫలితాల్లో ఆమె లెక్కకు రాదు.

ఇలాంటి కోర్సును ఢిల్లీలో కూర్చున్న ఒక అధికారి కాగితం మీద ఊహించడం కష్టం. బడి వయసు దాటాక మెట్రిక్ రాయడమంటే ఏమిటో ఆమెకు తన ఒంటి మీద తెలుసు కాబట్టే వసతి, పిల్లల సంరక్షణ, తక్కువ వ్యవధి, చివర ఉద్యోగం అనే నాలుగింటినీ ఒకదానికొకటి ముడివేసి ఆలోచించగలిగారు. మీ ప్రాజెక్టుకు ఒకే ఒక్క వాదన కావాలంటే, 1930ల బనారసు మెట్రిక్ నుంచి 1937 మైలాపూరు తరగతి మీదుగా 1958 జాతీయ పథకం వరకు ఉన్న ఈ దారిని పట్టుకోండి.

అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్యపై నియమించిన జాతీయ కమిటీకి కూడా ఆమె అధ్యక్షురాలు. నివేదిక 1959లో వచ్చింది. స్త్రీ విద్యను సాధారణ విద్యలో ఒక భాగంగా వదిలేయకుండా కొన్నేళ్ళపాటు ప్రత్యేక సమస్యగా చూడాలని, స్త్రీ పురుషుల విద్య మధ్య అంతరం తగ్గించడానికి ప్రత్యేకంగా నిధులు ఇవ్వాలని, పల్లెల్లో పనిచేసే మహిళా టీచర్లకు ఇళ్ళు కట్టించాలని అది చెప్పింది. ఈ ఇళ్ళ సిఫారసును చదివి నవ్వినవారిని నేను చూశాను. ఒంటరిగా పరాయి ఊరికి బదిలీ అయిన టీచరమ్మకు ఇల్లు అద్దెకు దొరకకపోతే ఆ ఊరి ఆడపిల్లలకు చదువు ఉండదన్న సంగతి, ఆ పరిస్థితి ఎదుర్కొన్నవారికి నవ్వు తెప్పించదు. కమిటీ సూచన మేరకు జాతీయ మహిళా విద్యా మండలి ఏర్పడింది, దానికీ తొలి అధ్యక్షురాలు ఆమెనే.

విమర్శ లేకుండా రాస్తే అది ప్రాజెక్టు కాదు, సన్మాన పత్రం అవుతుంది. రెండు విషయాలను నిష్పక్షపాతంగా చర్చించండి. ఒకటి, ఆ కమిటీ ప్రాథమిక స్థాయిలో బాలబాలికలకు ఒకే పాఠ్యక్రమం ఉండాలని చెప్పినా, పై తరగతుల్లో బాలికల అవసరాలను బట్టి తేడా ఉండవచ్చని భావించింది. కొద్ది కాలానికే హంసా మెహతా అధ్యక్షతన ఏర్పడిన మరొక కమిటీ ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న కారణంగా పాఠ్యక్రమంలో తేడా ఉండకూడదని తేల్చింది. ఇద్దరూ రాజ్యాంగ సభలో కలిసి పనిచేసినవారే. నేను ఈ విషయంలో హంసా మెహతా పక్షమే. ఆడపిల్లకు వెంటనే ఉపాధి దొరకాలన్న తొందరలో దుర్గాబాయి ఆలోచన కుట్లు, అల్లికలు, నర్సింగు, టీచరు పని అనే చట్రంలోనే తిరిగింది. ఆ తొందరకు కారణం ఆమె చూసిన నిరాశ్రయులైన స్త్రీలే అని అర్థం చేసుకోవచ్చు గాని, అది పరిమితి కాదనలేం.

రెండవది, సంక్షేమ బోర్డుల్లో కూర్చున్న స్త్రీలు చాలావరకు కలిగిన కుటుంబాలవారు, పై కులాలవారు. లబ్ధిదారులు పేదలు. గ్రాంటు రావడం మొదలయ్యాక స్వచ్ఛంద సంస్థ తన చందాల అలవాటును మరిచిపోయి ప్రభుత్వం వైపు చూడడం కూడా మొదలవుతుంది. చందాలతోనే సంస్థ కట్టిన మనిషి తెచ్చిన పథకం నుంచి ఇలాంటి ఫలితం రావడం గురించి మీరు ఒక మంచి పేజీ రాయవచ్చు.

కుటుంబ న్యాయస్థానాల సంగతిని మాత్రం వదలకండి. 1953లో చైనా పర్యటనలో అక్కడి ఏర్పాటును చూసి వచ్చి, నెహ్రూతోనూ ఛాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతోనూ చర్చించారు. చట్టం 1984లో, ఆమె పోయిన మూడేళ్ళకు వచ్చింది. జైలులో చూసిన స్త్రీ ఖైదీల దగ్గర మొదలైన ఆలోచన ఇది అని నా అనుకోలు; దీనిని నా ఊహగానే తీసుకోండి.

ఆధారాల గురించి. ఆమె ఆత్మకథను ఒక ఆధారంగా మాత్రమే వాడండి, ఏకైక ఆధారంగా కాదు. రాజ్యాంగ సభ చర్చలు, 1959 నివేదిక, బోర్డు ప్రచురించిన ‘సోషల్ వెల్ఫేర్’ మాసపత్రిక తొలి సంచికలు, ఆంధ్ర మహిళా సభ వార్షిక నివేదికలు, ‘ఆంధ్ర మహిళ’ పాత సంచికలు చూడండి. వార్షిక నివేదికల్లో జమాఖర్చుల పట్టికలను దాటేయవద్దు. ఏ సంవత్సరంలో చందా ఎంత, గ్రాంటు ఎంత అన్నది చూస్తే నేను పైన చెప్పిన మార్పు మీ కళ్ళకే కనిపిస్తుంది.

మీరు హైదరాబాదులో ఉంటున్నానన్నారు కనుక ఢిల్లీ సామగ్రి కోసం ఎదురుచూడకుండా మీ ఊళ్ళోనే మొదలుపెట్టవచ్చు. 1962లో ఆమె ఢిల్లీలో స్థాపించిన కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్‌కు హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. పదవులు ముగిశాక దంపతులు హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. విద్యానగర్‌లో ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి, మహిళా సభ కళాశాల, వయోజన విద్యకు పెట్టిన సాక్షరతా భవనం అన్నీ అక్కడివే. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది, 1981 మే 9న ఆమె మరణించారు. జీవితచరిత్రలు ఈ చివరి పదిహేనేళ్ళను విశ్రాంతి కాలంలా చూపిస్తాయి. నిజానికి అధికారం చేతిలో లేనప్పుడు ఆమె మళ్ళీ బడి, వసతిగృహం, నర్సుల శిక్షణ దగ్గరికే వచ్చారు. ఆ కాలంలో మహిళా సభలో కండెన్స్‌డ్ కోర్సు చదివి ఉద్యోగాలు చేసి, ఇప్పుడు పదవీ విరమణ చేసిన స్త్రీలు నగరంలో ఇంకా ఉన్నారు. సంస్థ ద్వారా అనుమతి అడిగి, వారు ఒప్పుకుంటే పేర్లు మార్చి, ఏ తరగతిలో బడి మానారు, ఎవరు తెచ్చి చేర్చారు, ఫీజు, భోజనం ఎవరు భరించారు, మొదటి జీతం ఎంత అన్న ప్రశ్నలతో మాట్లాడండి. వయసు మీద పడుతున్న వారు కనుక గ్రంథాలయం పని కన్నా ముందు ఆ పని పెట్టుకోండి.